మంద మీద ముసురు

ఆ డిసెంబరులో మా మంద నూజెండ్ల దాటాక ఒక నల్లరేగడి చేలో దిగి ఉంది. మినుము పీకేసిన చేను అది. మొక్కజొన్న వేసే ముందు నేలకు ఎరువు పడుతుందని రైతు మా గొర్రెల్ని అక్కడ కట్టమన్నాడు. పగలు చుట్టుపక్కల బీళ్లలో, పత్తి తీసేసిన చేలల్లో మేపుకొచ్చి, పొద్దు వాలేసరికి కర్రలు పాతి చుట్టూ వల కట్టి మందను అందులోకి తోలేవాళ్లం. కొన్నాళ్లకు వల పీకి పక్క మడిలో కట్టేవాళ్లం. అలా చేనంతా తిరిగొస్తే మా పని అయిపోయినట్టు.

మందతో ఉన్నది మేం ముగ్గురం. నేను, నా భర్త, మా అత్త. అత్త నాకు సొంత మేనత్త. ఆమె కొడుకుని చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన నోరు పెళ్లయ్యాక కూడా మారలేదు. మా పాపను బడి కోసం రొంపిచెర్లలో మా అమ్మ దగ్గర ఉంచాం. నేను పుట్టిందీ మెట్టిందీ గొర్రెల ఇళ్లలోనే. ఇంటర్ వరకూ చదివినా సెలవు వస్తే మందలోనే ఉండేదాన్ని కాబట్టి ఆ బతుకు నాకు కొత్తేమీ కాదు.

చలికాలం మాకు మంచి కాలం. వానాకాలపు బురద, దోమ, గిట్టల పుండ్లు అన్నీ పోతాయి. గట్ల మీద ఇంకా పచ్చిక ఉంటుంది. తెల్లవారి పొగమంచు కమ్ముకున్నా తొమ్మిదింటికల్లా ఎండ వచ్చి గొర్రెల వీపుల మీద మంచంతా ఆరిపోతుంది. గొర్రెలు ఎక్కువగా ఈనేదీ ఆ రోజుల్లోనే. పల్నాడులో ఎవరికైనా భయం ఎండాకాలమే. ఏ చెట్టు కింద ఆపాలి, నీళ్లకు ఎప్పుడు తోలాలి, వడదెబ్బ తగిలిన గొర్రెకు ఏం తాగించాలి, ఇవన్నీ మాకు అడగకుండానే తెలుసు. చలికి ఏం చేయాలో మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ రోజు ఉదయం పొగమంచు లేదు. గాలి లేదు. చెమట పట్టేటంత ఉక్కగా ఉంది. బావ ఫోనుకు తుఫాను వస్తోందని, గొర్రెల్నీ పశువుల్నీ సురక్షిత ప్రాంతాలకు తరలించాలని మెసేజీ వచ్చింది. నేను చదివి వినిపించాను. సురక్షిత ప్రాంతం అంటే ఏదో మాకిద్దరికీ తెలియలేదు. అంతకుముందు చలికాలంలో ఇలాగే మెసేజీ వస్తే మందను తోలుకుపోయి ఒక బడి ఆవరణలో పెట్టాం. ఊళ్లోవాళ్లు గొడవ చేశారు. తొక్కిసలాటలో రెండు గొర్రెపిల్లలు చచ్చాయి. చివరికి ఒక్క చుక్క పడలేదు. ఆ సంగతి బావ మర్చిపోలేదు. వాన సముద్రం పక్కనే కురుస్తుందని, మన దాకా వచ్చేసరికి తుంపర్లేనని అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అత్త మాత్రం ఈ మధ్య పుట్టిన పిల్లల్ని మోటారు గదిలో పెడదామంది. చేను మూలన బోరు మోటారు కోసం కట్టిన చిన్న గది అది. మంచం వేస్తే ఇంకో మనిషి నిలబడే చోటుండదు. పిల్లల గంపల్ని అక్కడికి మోసుకెళ్లి పెట్టాం.

మధ్యాహ్నం నుంచి సన్నటి తుంపర మొదలైంది. దాంతో పాటే ఈశాన్యం నుంచి గాలి. మా వైపు వాన అంటే ఉరిమి, మెరిసి, దబదబా కురిసి వెళ్లిపోతుంది. ఇది ఉరమలేదు, మెరవలేదు. జల్లెడలోంచి పోసినట్టు ఆగకుండా పడుతూనే ఉంది. సాయంత్రానికి గాలి విసురు పెరిగింది. ప్లాస్టిక్ పరదా కింద ముగ్గురం కూర్చుని, తడవకుండా ఉండేందుకు పరదా అంచుల్ని పట్టుకుని ఆ రాత్రి గడిపాం.

తెల్లారి లేచి చూస్తే చేను లేదు. నల్లటి బురద, మధ్యలో మంద. వల ఒక పక్క నేలకూలి ఉంది. గొర్రెలన్నీ గాలికి వీపులిచ్చి, తలలు ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చి ముద్దగా నిలబడి ఉన్నాయి. పొద్దున నన్ను చూస్తే అరిచే గొర్రెలు ఒక్కటీ అరవలేదు. వాటి వెంట్రుకలు ఒంటికి అతుక్కుపోయి ఎముకలు కనపడుతున్నాయి. మా గొర్రెలకు ఒంటి మీద ఉన్ని ఉండదు. మేక వెంట్రుకల్లా పొట్టి వెంట్రుకలే. ఎండకు బతకడానికి అవే మంచివి. ఆ వానలో అవి బట్టలు లేని మనుషుల్లా ఉన్నాయి.

బావ మందలోకి దిగి వాటిని కొంచెం ఎడం చేయబోయాడు. అప్పుడు కనిపించాయి, కింద పడ్డవి. పక్కవాటి కాళ్ల కింద, బురదలో, మెడలు చాచి. మొదట చూసింది ఒక నిండు చూలు గొర్రెను. ఆ రెండ్రోజుల్లోనో మూడ్రోజుల్లోనో ఈనాల్సింది. కడుపు మీద చెయ్యి పెట్టాను. తల్లి చల్లబడిపోయింది గానీ లోపల పిల్ల ఇంకా కదులుతోంది. నా చెయ్యి కిందే అది కదలడం ఆగింది.

మందను బండ్లు తిరిగే డొంక దాకా తోలగలిగితే రోడ్డెక్కించొచ్చని బావ అనుకున్నాడు. మంద ముందు నడిచే పెద్ద గొర్రె మెడ పట్టుకుని లాగాడు. అది రెండడుగులు వేసి కడుపు దాకా దిగబడిపోయింది. మిగతావి చూస్తూ నిలబడ్డాయి. ఎంత అదిలించినా, కర్రతో పొడిచినా గాలికి ఎదురు నడవడానికి ఒక్కటీ ఒప్పుకోలేదు. నేను వెనక నుంచి నెడుతుంటే అవి నా మీదకే తిరిగి వచ్చాయి.

ఇక లాభం లేదని బావ ఊళ్లోకి పరిగెత్తాడు. చేనుగల రైతు మాకు చుట్టం కాదు, కులం కాదు. ఏటా ఆయన చేలో దిగుతాం కాబట్టి బావ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాడు. అక్కడ జరిగింది తర్వాత బావ చెప్పగా విన్నాను. రైతు తల మీద ఎరువుల సంచి కప్పుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడట. వరండాలో, గదుల్లో, మంచాల మీద కూడా పత్తి. మిరప తోట నేలకు పడుకుందని అప్పుడే చూసి వచ్చాడట. గొర్రెలకు ఏదైనా కప్పు చూపించమని బావ అడిగితే ఆయన కసురుకోలేదు. ఇల్లు చూపించాడు.

"నేనే వాకిట్లో నిలబడ్డాను గదరా. యాడ పెట్టమంటావు?" అన్నాడట.

బావ అక్కడి నుంచి కదల్లేదు. కాసేపటికి రైతు లోపలికి పోయి ఎవరికో ఫోన్ చేశాడు. ఊరి చివర ఆయన తోడల్లుడు కడుతున్న ఇల్లుంది. స్లాబు పడింది, తలుపులు, కిటికీలు పెట్టలేదు. గొర్రెల్ని అందులోకి తోలుకునేందుకు ఆ తోడల్లుణ్ని ఒప్పించాడు. ఫోన్ పెట్టేసి ట్రాక్టరు తాళం తీసుకుని తనే బయల్దేరాడు.

ట్రాక్టరు శబ్దం వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ అది డొంక మీదే ఆగింది. చేలో దిగితే ట్రాక్టరు కూడా కూరుకుపోతుంది. మందకూ డొంకకూ మధ్య రెండు చేలు. ఆ రెండు చేలూ గొర్రెల్ని ఒక్కొక్కదాన్నీ మోసుకుపోవడం తప్ప దారి లేదు.

తడిసిన గొర్రెను భుజాన వేసుకుంటే అది పట్టుకునే ప్రయత్నం చెయ్యదు. తడి బొంతలా జారిపోతుంది. మోకాళ్ల దాకా దిగబడే బురదలో ఒక కాలు పీక్కుంటే రెండోది దిగుతుంది. చెప్పులు మొదట్లోనే పోయాయి. బావ ఒకటి మోసుకెళ్లి వచ్చేసరికి నేను సగం దారిలో ఉండేదాన్ని. ట్రాక్టరు వెనక ట్రక్కులో వేసినవి నిలబడలేక ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయేవి. రైతు అరవై దాటిన మనిషి, షుగరు ఉంది. కాసేపు స్టీరింగు దగ్గరే కూర్చుని చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి దిగి వచ్చి ఒక గొర్రెను ఎత్తుకున్నాడు. డొంక ఎక్కబోతూ ముందుకు పడ్డాడు. గొర్రె ఆయన కింద పడింది. లేచి, దాన్ని తడిమి చూసి, మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు తిరిగాడో నేను చూడలేదు.

ట్రక్కు నిండాక ఆయన ఊరి చివర ఇంట్లో దించి వస్తానని వెళ్లాడు. ఆ మధ్యలో నేను చేలో ఈనిన పిల్లల కోసం వెతికాను. అంత చలిలో కూడా కొన్ని గొర్రెలు ఈనాయి. తల్లులు నాకలేదు. పిల్లలు బురదలో పడ్డచోటే ఉన్నాయి. నోట్లో వేలు పెడితే లోపల కూడా చల్లగా ఉంది. ఊపిరున్న వాటిని చీర కుచ్చిళ్లలో వేసుకుని మోటారు గదికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను.

పొద్దున్నే పిల్లల దగ్గరికి చేరిన అత్త గదిలో నిప్పు చేసింది. పత్తికట్టె అంతా తడిసిపోయి రాజుకోకపోతే తన పాత బొంత చింపి, డీజిలు చల్లి అంటించిందట. గది నిండా పొగ. అత్త గోడకు చేరగిలి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో పిల్లలు, చంకల్లో పిల్లలు, కాళ్ల మధ్య పిల్లలు. రవిక ముడి విప్పి రెండింటిని గుండెకు ఆనించుకుని పైట కప్పుకుంది. ఆమె కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. నేను తెచ్చిన వాటిని చెయ్యి చాపి అందుకునేది. మొదటిసారి అలాగే, రెండోసారీ అలాగే. తర్వాత ఒకసారి నేను రెండు పిల్లలతో గుమ్మంలోకి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమే, ఇంక తేబాకే," అంది. "ఉన్నయ్యే ఊపిరాడక చస్తన్నయ్యి."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. వెనక వాన, ముందు పొగ. నా చేతుల్లో రెండు పిల్లలు. ఒకటి తల కదిలిస్తోంది, రెండోది కళ్లు మాత్రం తెరిచి ఉంది. అత్త నా ముఖం చూడలేదు. తన ఒళ్లో కదలకుండా పడి ఉన్న ఒక పిల్లను తీసి, చెవి దగ్గర పెట్టుకుని విని, పక్కన గోడవారగా పెట్టింది. ఖాళీ అయిన చోటుకు చెయ్యి చాపింది. ఒక్క చెయ్యే. నేను తల కదిలించేదాన్ని ఇచ్చాను. రెండోదాన్ని రవిక లోపల పెట్టుకుని డొంక వైపు నడిచాను. ఊరి చివర ఇంట్లో దానికి కొంచెం చోటు ఉంటుందని అనుకున్నాను. రెండో చేను మధ్యకు వచ్చేసరికి నా ఒంటి మీద ఉన్న ఆ చిన్న బరువు మారింది. ఎలా మారిందో చెప్పలేను గానీ మారింది. తీసి చూడలేదు. డొంక దాకా అలాగే మోశాను.

ట్రాక్టరు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటి ఉంటుంది. పొద్దు కనపడలేదు కాబట్టి ఖచ్చితంగా చెప్పలేను. బావను పిలుద్దామని మంద దగ్గరికి వెళ్లాను. ఆయన మోయడం ఆపేశాడు. పడిపోయిన ఒక గొర్రె పక్కన బురదలో కూర్చుని, తన గొంగడి తీసి దాని మీద కప్పి, రెండు చేతులతో దాని వీపు రుద్దుతున్నాడు. ముందు నడిచే పెద్ద గొర్రె అది. పొద్దున దిగబడ్డ చోటు నుంచి తీసి ఇవతలికి లాక్కొచ్చాడు గానీ మళ్లీ లేవలేదు. లెగవే, లెగవే అని దాంతో మెల్లగా మాట్లాడుతున్నాడు. దాని నాలుక బయటికి వచ్చి ఉంది. నేను పిలిస్తే బావ తల ఎత్తలేదు. చుట్టూ ఇంకా నిలబడి ఉన్న గొర్రెలు ఒకటొకటిగా మోకాళ్ల మీదకు వంగుతున్నాయి. వంగిన గొర్రె ఇక లేవడం లేదు. నేను ఆయన భుజం పట్టుకుని కుదిపాను.

"బావా, నిలబడ్డయ్యి చూడు," అన్నాను. "పడ్డయ్యి వదిలెయ్."

ఆయన నన్ను ఎవరో అన్నట్టు చూశాడు. మా పెళ్లయ్యాక ఆయన ఏడవగా నేను చూడలేదు. అప్పుడు కూడా వాన వల్ల ఏడుస్తున్నాడో లేదో తెలియలేదు, గొంతు వినేదాకా. గొంగడి తీయను, అది దానికే ఉండనీ అన్నాడు. అలాగే ఉంచి లేచాడు. నిలబడి ఉన్న గొర్రెల్లో ఒకదాన్ని ఎత్తుకున్నాడు. నేనూ ఒకదాన్ని ఎత్తుకున్నాను. వెలుతురు ఉన్నంతసేపూ మోశాం. చీకటి పడ్డాక రైతు ఇక ట్రాక్టరు నడపలేనని చెప్పాడు. చేలో మిగిలినవి అక్కడే మిగిలిపోయాయి. మేం ట్రక్కులో గొర్రెల మధ్యనే కూర్చుని ఊళ్లోకి వెళ్లాం. అత్త రానంది. పిల్లల్ని వదిలి ఎట్టా వస్తాను అంది.

మర్నాడు వాన తగ్గింది. మధ్యాహ్నానికి మబ్బు చీలి ఎండ కూడా వచ్చింది. వెచ్చటి ఎండ. ఊళ్లో జనం పత్తి ఆరబోసుకుంటూ, పడిపోయిన మిరప మొక్కల దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. మేం చేలోకి వెళ్లాం. ఆ ఎండలో మంద మొత్తం పడుకుని నిద్రపోతున్నట్టు ఉంది. బావ ప్రతిదాని దగ్గరికీ వెళ్లి వంగి చూశాడు. నేను వెళ్లలేకపోయాను. గట్టు మీదే కూర్చున్నాను.

సగానికి పైగా పోయాయి. పశువుల డాక్టరు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, బతికినవాటికి ఇంజెక్షన్లు వేశాడు. మన గొర్రెలు ఎంత వేడికైనా తట్టుకుంటాయి గానీ తడి, గాలి, చలి మూడూ కలిస్తే తట్టుకోలేవని చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, చెప్పాల్సిందే చెప్పాడు. రైతు జేసీబీ పిలిపించి తన చేలోనే ఒక మూలన గొయ్యి తీయించాడు. ఆ మూల పంట వేయనులే అన్నాడు. జేసీబీ తొట్టె వాటిని ఎత్తుతుంటే గొంగడి కప్పిన పెద్ద గొర్రె వంతు వచ్చింది. నడిపే అతను గొంగడి తీసుకోమన్నట్టు బావ వైపు చూశాడు. బావ తల అడ్డంగా ఊపాడు.

అన్నీ అయిపోయాయనుకున్నాక ఇంకో కష్టం మొదలైంది. బతికిన పిల్లల్లో చాలావాటికి తల్లులు లేవు. బతికిన తల్లుల్లో చాలావాటికి పిల్లలు లేవు. తల్లీ పిల్లా రెండూ ఉన్నచోట కూడా తల్లి పిల్లను గుర్తుపట్టలేదు. పిల్లలన్నీ ఒకే గదిలో, ఒకే పొగలో, అత్త ఒంటి చెమటలో కలిసిపోయి ఒకే వాసన వేస్తున్నాయి. గొర్రె తన పిల్లను వాసనతోనే పోల్చుకుంటుంది. దగ్గరికి వచ్చిన పిల్లను వాసన చూసి తలతో పొడిచి నెట్టేసేవి. ఆ తలుపుల్లేని ఇంట్లో పొద్దంతా పిల్లల అరుపులే. నేను ఒక్కొక్క గొర్రెనూ గోడకు అదిమి, వెనక్కాలు పట్టుకుని, ఏదో ఒక పిల్లను పొదుగు దగ్గర పెట్టేదాన్ని. కొన్ని ఒప్పుకున్నాయి. కొన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. రైతు భార్య గేదె పాలు పంపితే సీసాలో పోసి పట్టాం. గేదె పాలు పడక కొన్ని విరేచనాలై చనిపోయాయి. వానను దాటి బతికిన పిల్ల ఎండలో నా ఒళ్లో చనిపోతుంటే నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా తిట్టాలనిపించింది. తిట్టడానికి ఎవరూ లేరు.

ఆ పొగ, ఆ చలి అత్త ఊపిరితిత్తుల్లోకి దిగాయి. జ్వరం వచ్చి ఆయాసం మొదలైతే నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ మంచం మీద పడుకుని కూడా పిల్లలు తాగుతున్నాయా అని అడిగేది. తాగుతున్నాయని చెప్పేదాన్ని. బతికి బయటపడింది గానీ మునుపటిలా మంద వెంట నడవలేదు. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకుంటుంది. తన పని ఆగిపోయిందని ఎవరితోనూ అనదు. నేను గొర్రెల్ని విప్పే వేళకు మాత్రం ఇంట్లోకి వెళ్లిపోయి ఏదో ఒకటి సర్దుతుంది.

మిగిలినవాటిలో చాలావరకు అమ్మేశాం. కొన్ని ఉంచుకున్నాం, నేనొక్కదాన్ని మేపుకోగలిగినన్ని. దూరాలు వెళ్లడం మానేశాం. రొంపిచెర్ల చుట్టుపక్కల కాలవగట్ల మీద మేపి సాయంత్రానికి ఇంటికి తెస్తాను. బావ మాచర్ల వైపు రాతి క్వారీలో లోడింగు పనికి పోతున్నాడు. వారానికి ఒకసారి, కుదరకపోతే రెండు వారాలకు ఒకసారి వస్తాడు. వచ్చినప్పుడు పాపతో ఆడతాడు, అత్తకు మందులు తెస్తాడు, గోడ మీద పెచ్చులూడితే సిమెంటు పూస్తాడు. దొడ్డి వైపు మాత్రం వెళ్లడు. గొర్రెలు ఆయన గొంతు గుర్తుపట్టి అరుస్తాయి. అయినా వెళ్లడు.

మొన్న నవంబరు చివర్లో వచ్చినప్పుడు నేనే అడిగాను. క్వారీ దుమ్ముకు ఆయనకూ దగ్గు పట్టుకుంది. మళ్లీ మంద కట్టుకుందాం, నేనూ తోడుంటాను కదా అన్నాను. ఆయన అన్నం తింటున్నాడు. నేను ఆ మాట వదిలేసి కూర వడ్డించబోతే అప్పుడు చెప్పాడు.

"ఎండకి యాడికి పోవాల్నో తెలుసు. వానాకాలం వానకీ తెలుసు. చలికాలంలో అట్టాంటి వాన పడితే యాడికి పోవాల్నో నాకిప్పటికీ తెలవదే. నీకు తెలిస్తే చెప్పు, కట్టుకుందాం."

నాకు తెలియదు. పరదాలు కొనొచ్చు, రేకుల షెడ్డు వేయొచ్చు, కానీ మంద ఒకచోట ఉండేది కాదు. అది ఎక్కడుంటే అక్కడికి కప్పు మోసుకుపోలేం. ఇవన్నీ ఆయనకీ తెలుసు. నేను కంచం తీసేశాను. లోపలి గదిలో అత్త దగ్గుతోంది. మర్నాడు తెల్లవారగానే బావ మాచర్ల బస్సెక్కాడు. బయట పొగమంచు దట్టంగా ఉంది. నేను గొర్రెల్ని విప్పి కాలవగట్టు వైపు తోలాను.